రాళ్ళముగ్గు అమ్మవారికి కళ్ళు లేకపోయిన కథ

మీ గుప్పిట్లో ఉన్నది కింద పెట్టండి. ఎవరూ చూడలేదనుకున్నారు కదా. గేటు దాటి పది అడుగులు వేశారో లేదో, వంగి ఒక రంగు రాయి ఏరారు. ఇన్ని ఉన్నాయి, ఒకటి పోతే ఏమవుతుందని మీకు మీరే సర్దిచెప్పుకున్నారు. వారమంతా ఇంకొకరి ఇంట్లో అంట్లు తోమి, మంచంలో ఉన్న ముసలివారిని ఎత్తి దించి, దొరికిన ఒక్క ఆదివారం రెండు బస్సులు మారి ఇంత దూరం వచ్చింది దొంగతనం చేయడానికా? పని చేసే ఇంట్లో చెంచా కూడా ముట్టుకోని మనిషి ఇక్కడ రాయి ఎందుకు ముట్టుకోవాలి? అడిగేవాడు లేడనే కదా. ఎక్కడ తీశారో అక్కడే పెట్టి, చేతులు దులుపుకొని రండి. పెట్టేదాకా ఇది చదవవద్దు.

ఈ స్థలం మధ్యధరా సముద్రంలో మనం పని చేసుకుంటున్న ఈ దీవికి దక్షిణపు ఒడ్డున, పెత్రామిలి అనే పల్లెకు పైన గుట్ట మీద ఉంది. బస్సు నిమ్మతోటల దగ్గర ఆగుతుంది. అక్కడి నుండి గంట నడక. దారి పొడుగునా చింతకాయల్లాంటి నల్లటి కాయలు కాసే ఖరోబు చెట్లు ఉంటాయి గానీ నీళ్ళు మాత్రం దొరకవు. సీసా తెచ్చుకోండి. ఖాళీ సీసాను తిరిగి తీసుకుపోండి.

పైకి చేరగానే మొదట ఏమీ అర్థం కాదు. నాలుగు స్తంభాలు నిలబడి ఉంటాయి, పదో పన్నెండో పడి ఉంటాయి. మోకాలెత్తు గోడలు ఒకదానిలోకి ఒకటి తిరుగుతూ ఉంటాయి. ఒక గదిలోకి వెళ్ళామనుకుంటే బయటికి వస్తాం, బయటికి వచ్చామనుకుంటే వేరే గదిలో ఉంటాం. తొట్టి ఉంది, అందులోకి నీళ్ళు ఎక్కడి నుండి వచ్చేవో తెలియదు. మెట్లు ఉన్నాయి, అవి ఎక్కితే ఏ అంతస్తుకు పోతామో తెలియదు. కప్పు ఏనాడో పోయింది. వీటన్నిటి మధ్య ఒక రేకుల పందిరి, దాని కింద ఒక నేల. చూడవలసింది ఆ నేలనే.

మనం పిండితో వేసే ముగ్గును వీళ్ళ పూర్వులు రాళ్ళతో వేశారు. శనగగింజంత రాళ్ళు, తెల్లవి, నల్లవి, ఎర్రవి, పసుపువి, ఒకదాని పక్కన ఒకటి సున్నంలో గుచ్చారు. అంచున తీగ, తీగ లోపల చేపలు, చేపల లోపల పక్షులు, పక్షుల నడుమ చేటంత ఒక స్త్రీ ముఖం. అందుకే మన గోదావరి వైపు ఆడవాళ్ళు ఈమెను రాళ్ళముగ్గు అమ్మవారు అంటారు. పెత్రామిలి వారు దొరసాని అనే అర్థం వచ్చే మాటతో పిలుస్తారు.

ఈమె ఎవరు అని అడగవద్దు. తవ్వకాల వారు పెట్టిన పలక మీద వసంత ఋతువు దేవత అని ఒక మాట, రాణి కావచ్చునని దాని కిందనే ఇంకొక మాట ఉన్నాయి. చర్చిలో స్వాములవారు ఎవరో పునీతురాలు అంటారు. ఆ ఇంటి యజమాని తన భార్య ముఖాన్నే నేలమీద వేయించుకున్నాడని మరికొందరు అంటారు. అసలిది గుడి కానే కాదు, భోజనశాల అనేవారు కూడా ఉన్నారు. అందరి మాటా విన్నవాడికి తల తిరుగుతుంది. తెలియని సంగతిని తెలియదని ఒప్పుకొని దండం పెట్టడం నేర్చుకోండి.

ఆ ముఖానికి కళ్ళు లేవు. కళ్ళు ఉండవలసిన చోట రెండు గుంటలు ఉన్నాయి. మన ఊళ్ళలో అమ్మవారి రాతికి వెండి కళ్ళు పెట్టడం అలవాటు కనుక ఏటా మనవాళ్ళలో ఎవరో ఒకరు ఇంటి దగ్గర నుండి వెండి కళ్ళు తెప్పించి, అతికిస్తామని వస్తారు. భక్తి మంచిదే. కానీ అతికించకూడదు. ఎందుకు కూడదో పెత్రామిలి పెద్దలు చెప్పినట్టుగా ఇక్కడ వ్రాయడమైనది.

పూర్వం ఇక్కడ ముళ్ళపొదలు, మట్టి, ఆ నాలుగు స్తంభాలు తప్ప ఏమీ కనిపించేవి కావు. పెత్రామిలిలో ప్రొకోపిస్ అనే మేకల కాపరి ఉండేవాడు. భార్య చనిపోయింది. అంతూసా అని ఒక్కతే కూతురు, పంతొమ్మిదేళ్ళది. ఆ దీవిలో కాపరులు తమ మేకల చెవులను ఒక్కొక్కరు ఒక్కొక్క తీరుగా కోస్తారు. ఒకరిది కొన కోత, ఒకరిది పక్క కోత, ఇంకొకరిది చిల్లు. మందలు కలిసిపోయినప్పుడు చెవి చూసి ఎవరివి వారు విడదీసుకుంటారు. ప్రొకోపిస్ ఒక్కడే చెవులు కోసేవాడు కాదు. తన డెబ్బై మేకలను ముఖం చూసి గుర్తుపట్టేవాడు. ఇరవై ఏళ్ళ కిందట ఒక్కసారి రేవులో చూసిన మనిషినైనా పేరు పెట్టి పిలిచేవాడు. అది ఆయనకు దేవుడిచ్చిన గుణం. గుణం దేవుడిచ్చినదైనా దాని మీద గర్వం మాత్రం మనిషి సొంతంగా చేర్చుకున్నదే.

ఆ ఊరి కాఫీ కొట్టులో లోయిజోస్ అని ఒక పెద్ద కాపరి కూర్చునేవాడు. ప్రొకోపిస్ కనిపిస్తే ఊరుకునేవాడు కాదు.

"నీ మేకల చెవులు ఎప్పుడు కోస్తావురా? కత్తి లేకపోతే నాది తీసుకో."

"నీకు ముగ్గురు కొడుకులు కదా మామా. ఎవరి చెవి ఎక్కడ కోశావు?" అని ప్రొకోపిస్ అనేవాడు.

"నా కొడుకులను ఎవడు ఎత్తుకుపోతాడురా? తీసుకుపొమ్మన్నా తీసుకుపోరు."

ఇలా నవ్వుకునేవారు. ఇందులో తప్పు లేదు.

ఒక వేసవిలో ప్రొకోపిస్ మందను ఈ గుట్ట మీదికి తోలుకువచ్చాడు. మందలో ఒక నల్లమేక రోజూ మధ్యాహ్నం ఒకే చోటికి పోయి, ముందుకాళ్ళతో మట్టిని గీకి, అక్కడే పడుకునేది. పక్కన నీడ ఉన్నా నీడకు పోయేది కాదు. మూడు రోజులు చూసి, నాలుగో రోజు మేకను పక్కకు తోలి, ఆయన అక్కడ చేతులతో తవ్వాడు. జానెడు లోతులో రంగు రాళ్ళు తగిలాయి. ఇంకా తవ్వితే ఒక కన్ను కనిపించింది. చింతగింజంత ఆకుపచ్చ గాజు. ఆయన ఉలిక్కిపడి వెనక్కి జరిగాడు. తరువాత మళ్ళీ కూర్చొని సాయంత్రందాకా మట్టి తీశాడు. ముఖం అంతా బయటపడింది. ఆయన ఎటు జరిగితే ఆ కళ్ళు అటు చూస్తున్నాయి.

ఎక్కడో చూసిన ముఖం అనిపించింది. రేవులోనా, సంతలోనా, పక్క ఊళ్ళోనా? చనిపోయిన భార్యా? కాదు. తల్లా? కాదు. ఏ ముఖాన్నీ మరిచిపోని మనిషికి ఆ ఒక్క ముఖం ఎవరిదో అందలేదు. తోచక తల పట్టుకున్నాడు.

మరునాడు మధ్యాహ్నం స్తంభం నీడలో కునుకు పట్టింది. కలలో ఆ స్త్రీ కనిపించి చెప్పింది. "నన్ను నలుగురికీ చూపించాలనుకుంటే నలుగురినీ నా దగ్గరికి తీసుకురా. నన్ను వాళ్ళ దగ్గరికి తీసుకుపోకు. వెళ్ళేటప్పుడు ఇసుక కప్పి వెళ్ళు."

"నువ్వెవరివమ్మా?" అని ఆయన అడిగాడు.

"ముఖాలు ఎరిగినవాడివి కదా, నువ్వే చెప్పు" అని ఆమె నవ్వింది. మెలకువ వచ్చింది.

ఇంటికి వచ్చి కూతురికి చెప్పాడు. అంతూసా మరునాడు వెంట వెళ్ళి, ముఖం ముందు కూర్చొని చాలాసేపు చూసింది.

"ఈవిడకు నా గడ్డం ఉంది నాన్నా."

"నాకు అలా తోచలేదే."

"నా గడ్డం నువ్వు చూసినంతగా నేను చూడలేదులే. ఏమో మరి, నాకలా అనిపించింది" అని ఆమె ఇసుక తెచ్చి కప్పింది. "ఆవిడ చెప్పినట్టే చెయ్యి నాన్నా. ఒక్కొక్కరినీ తీసుకువచ్చి చూపించు."

ప్రొకోపిస్ కాఫీ కొట్టులో ఈ సంగతి చెప్పాడు. అందరూ నవ్వారు.

"ఆడమనిషి ముఖమట. ముళ్ళపొదల్లోనట. అదీ మధ్యాహ్నం పూటట" అన్నాడు లోయిజోస్. "పెళ్ళాం పోయి ఎనిమిదేళ్ళయింది కదరా. నీకిక తుప్పల్లో కూడా ఆడవాళ్ళే కనిపిస్తారు."

"రండి, చూపిస్తాను. గంట నడక."

"ఈ ఎండలో నీ వెనక మేకల్లాగా నడవాలా? అంత నిజమైతే ఒక ముక్క పట్టుకురా. ఈ బల్ల మీద పెట్టు. చూస్తాం."

ఇక్కడ చదివేవారు ఆగి ఆలోచించాలి. ప్రొకోపిస్ ఆశపోతు కాదు. ఎవరి సొమ్మునూ ఎన్నడూ ముట్టుకోలేదు. తన మాట అబద్ధమని నలుగురు నవ్వితే ఓర్చుకోలేకపోయాడు, అంతే. నవ్వును ఓర్చుకోవడం అంత కష్టమా? ఒక వారం ఓపిక పడితే ఎవరో ఒకరు వెంట వచ్చేవారు. ఆయన ఓపిక పట్టలేదు. పొద్దున్నే గుట్ట ఎక్కి, ఇసుక తుడిచి, గొర్రెలకూ మేకలకూ డెక్కలు చెక్కే చిన్న కత్తితో ఆ రెండు కళ్ళనూ పెకలించాడు. సాయంత్రానికి తిరిగి పెట్టేస్తాను కదా అనుకున్నాడు. ఆ తొందరలో ఇసుక కప్పడం కూడా మరిచాడు.

కాఫీ కొట్టులో రెండు గాజు ముక్కలను బల్ల మీద పెట్టాడు.

"ఏమిటివి?"

"కళ్ళు."

"ఎవరివి?"

"ఆవిడవి."

అందరూ వంగి చూశారు. పగిలిన సీసా పెంకుల్లాగా ఉన్నాయి. నిన్నటిదాకా మనిషిని చూసినట్టు చూసిన కళ్ళు బల్లమీద వట్టి గాజు. ప్రొకోపిస్‌కు కూడా అలాగే కనిపించాయి. ఇవి అవేనా అని ఆయనే అనుమానపడ్డాడు. లోయిజోస్ ఒక ముక్క తీసి తన కంటికి అడ్డం పెట్టుకున్నాడు.

"ఇప్పుడు చూడు, అందంగా ఉన్నానా?"

ప్రొకోపిస్ తలెత్తి చూశాడు. ముక్కు ఉంది, మీసం ఉంది, గడ్డం మీద గాటు ఉంది. ఒక్కొక్కటీ స్పష్టంగా ఉంది. కానీ అన్నీ కలిపితే అది ఎవరి ముఖమో తెలియలేదు.

"ఎవరు నువ్వు?" అన్నాడు.

అది ఎదురు హాస్యం అనుకొని అందరూ ఇంకా ఎక్కువగా నవ్వారు. ప్రొకోపిస్ కొట్టు చుట్టూ చూశాడు. ఏడుగురు మనుషులు, ఏడు మీసాలు. పుట్టినప్పటి నుండి తెలిసిన ఊళ్ళో ఆయనకు తెలిసిన ముఖం ఒక్కటీ లేదు. పొగాకు పొగ కళ్ళలో పడిందనుకొని, గాజు ముక్కలు తీసుకొని బయటికి నడిచాడు.

నీళ్ళ తొట్టి దగ్గర మందలు కలిసి ఉన్నాయి. ఆయన తన మేకల కోసం చూశాడు. మేకలు ఉన్నాయి. ఏవి తనవో తెలియలేదు. మిగతా ఏ కాపరి అయినా అప్పుడు చెవులు చూసేవాడు. ప్రొకోపిస్‌కు జీవితంలో చెవి చూసే అలవాటే లేదు. కంగారులో కొన్నిటిని అదిలించి, వెంట వచ్చినవాటిని తోలుకుపోయాడు. వాటిలో పదకొండు లోయిజోస్‌వి. పక్క కోత ఉన్నవి.

ఇంటి ముందు అంతూసా నిలబడి ఉంది.

"నాన్నా, ఇవి మనవి కావు. లోయిజోస్ మామవి. చెవులు చూడు."

గొంతు కూతురిది. ముఖం ఎవరిదో. పరాయి మనిషి నోట్లో నుండి తన బిడ్డ గొంతు వస్తున్నట్టు ఉంటే ఆయనకు భయం వేసింది.

"తలుపు దగ్గర ఉన్నది ఎవరు?" అన్నాడు.

"నేనే నాన్నా. అంతూసాను."

ఆయన గడప మీద కూర్చొని జరిగినదంతా చెప్పాడు. ఆమె కోపగించుకోలేదు. రెండు ముక్కలనూ తన తలగుడ్డ కొంగులో కట్టుకుంది. మేకలను తిరిగి వచ్చాక అప్పగిద్దామనుకొని, తెల్లవారగానే ఇద్దరూ గుట్ట ఎక్కారు.

ఇసుక కప్పనందున మేకలు ఆ చోటంతా తొక్కాయి. కళ్ళ గుంటల చుట్టూ సున్నం పొడి అయిపోయింది. అంతూసా మట్టి ఊది, తండ్రిని మోకాళ్ళ మీద కూర్చోబెట్టింది.

"ఎక్కడుంది తల్లీ?"

"నీ ముందే ఉంది నాన్నా. ఇదిగో నుదురు. ఇదిగో ముక్కు."

"ఎర్రరాళ్ళు కనిపిస్తున్నాయి. తెల్లరాళ్ళు కనిపిస్తున్నాయి."

"వాటినే నాన్నా నేను ముఖం అంటున్నది."

ఆయన వేళ్ళతో తడిమాడు. పక్షి మీద చెయ్యి పెట్టి, ఇదేనా అన్నాడు. చేప మీద పెట్టి, ఇదేనా అన్నాడు. అంతూసా ఆ చేతిని తీసి గుంటల మీద పెట్టింది.

"కుడిది ఏదో ఎడమది ఏదో తీసేటప్పుడు చూశావా?"

ఆయన చూడలేదు. ఆమె ఒక తీరున పెడితే ఆ ముఖం ఆకాశం వైపు చూసింది. మార్చి పెడితే ఒక కన్ను సముద్రం వైపు, ఒక కన్ను కొండ వైపు చూసింది. ఏ తీరున పెట్టినా నిలవలేదు. సున్నం పట్టు లేక ఊడి వచ్చాయి. పెకలించడానికి ప్రొకోపిస్‌కు చిటికెడు సేపు పట్టింది. తిరిగి పెట్టడం మధ్యాహ్నందాకా ప్రయత్నించినా ఇద్దరి వల్లా కాలేదు.

వారు దిగి వచ్చేసరికి లోయిజోస్ ఊరి పెద్దలతో చర్చి ఆవరణలో ఉన్నాడు. పదకొండు మేకలు దొంగ ఇంట్లో దొరికాయని ఫిర్యాదు. మనుషుల ముఖాలు తెలియడం లేదని ప్రొకోపిస్ చెప్పుకున్నాడు. ఎవరూ నమ్మలేదు. ఊరి మొత్తంలో ముఖాలు మరవనివాడు ముఖాలు తెలియవంటే ఎవరు నమ్ముతారు? పెద్దలు ఒక తీర్పు చెప్పారు. ఊళ్ళో ఒకే వయసు ఆడపిల్లలను ఐదుగురిని ఒకే రకం తలగుడ్డలు కట్టించి నిలబెడతారు. అందులో అంతూసా ఉంటుంది. ఎవరూ నోరు మెదపకూడదు. ప్రొకోపిస్ తన కూతురిని చూపించాలి. చూపించగలిగితే ఇదంతా నాటకం, అతడు దొంగ, మందను వదిలి ఊరు విడిచిపోవాలి. చూపించలేకపోతే అది జబ్బు, తప్పు లేదు.

ఆ ఐదుగురి ముందు నిలబడినప్పుడు ప్రొకోపిస్ దేవుడిని ఏమి వేడుకున్నాడో తరువాత తానే చెప్పాడు. నన్ను దొంగను చెయ్యి స్వామీ అని వేడుకున్నాడు. ఊరు పోయినా, మంద పోయినా సరే, నా బిడ్డ ముఖం నాకు తెలియాలి అని. మొదటి పిల్ల ముందు నిలబడ్డాడు. రెండో పిల్ల ముందు నిలబడ్డాడు. ఐదుగురినీ చూసి మళ్ళీ మొదటికి వచ్చాడు. ముక్కులు, కనుబొమ్మలు, పెదవులు. అందరూ పిల్లలే. ఎవరైనా కావచ్చు. నాలుగో స్థానంలో అంతూసా ఉంది. ఒక్కసారి దగ్గితే చాలు, ఆయన పట్టుకునేవాడు. దగ్గితే తండ్రి దొంగ అవుతాడు. ఆమె ఊపిరి బిగబట్టి, నేల చూస్తూ నిలబడింది.

ప్రొకోపిస్ నాలుగో పిల్లను దాటిపోయాడు. ఐదో పిల్ల చెయ్యి పట్టుకొని, "ఇదే. నా తల్లి ఇదే" అన్నాడు.

అది లోయిజోస్ చిన్న కూతురు. ఆ పిల్ల చెయ్యి విడిపించుకోలేక ఏడ్చింది. ఆ ఏడుపు గొంతు విని ప్రొకోపిస్‌కు తెలిసింది. చెయ్యి వదిలి నేల మీద కూలబడ్డాడు.

లోయిజోస్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. "పట్టుకురా అన్నది నేను" అన్నాడు. తేవడం ఒకరి తప్పు అయితే తెమ్మనడం ఒకరి తప్పు. తమాషాకు అడిగానంటే చెల్లదు.

అప్పుడు ఊరంతా కలిసి గుట్ట ఎక్కింది. మొన్న ఎండ అన్నవారే, దూరం అన్నవారే, అదే ఎండలో అదే గంట నడిచారు. చూసినవారిలో ఒకరు మా అత్తలాగా ఉందన్నారు, ఒకరు మా చెల్లెలన్నారు. ప్రొకోపిస్ అందరి వెనక నిలబడి, రంగు రాళ్ళు చూశాడు.

అంతూసా ఆ రెండు గాజు కళ్ళనూ గేటు రాతి గడప కింద పాతిపెట్టింది. ఆ గడప మీద ఆగి ఎవరికి వారు పేరు చెప్పుకొనే పద్ధతి అప్పటి నుండే వచ్చింది. అది ఎందుకో రెండు తీరులుగా చెబుతారు. ఆమెకు కూడా మధ్యాహ్నపు నిద్రలో అమ్మవారు కనిపించి, "నాకిక వచ్చేవారు కనిపించరు. వచ్చేవారే తాము ఎవరో నాకు చెప్పాలి" అన్నదని కొందరు అంటారు. కల ఏమీ లేదు, ఆ తరువాత కాపలాగా గేటు దగ్గర కూర్చున్న ప్రొకోపిస్‌కు మనుషులను పోల్చుకోవడం కష్టం కనుక ఆ పద్ధతి మొదలైందని కొందరు అంటారు. ఏది నిజమో తేల్చలేకపోయాం. ఏది నిజమైనా చేయవలసింది ఒకటే కనుక తగాదా అవసరం లేదు.

నేటికీ జరుగుతున్నది ఇది. ఈ గడప మీద ఆగి, తన పేరు, ఎవరి బిడ్డో, ఏ ఊరో బయటికి వినిపించేలా చెప్పి లోపలికి రావాలి. మనసులో అనుకుంటే చాలదు. పెత్రామిలి వారు చలికాలం మొదట్లో ముఖం మీద ఇసుక కప్పుతారు, వసంతంలో తీస్తారు. ఆ ఇసుకను గుట్ట మీదికి మోసేది లోయిజోస్ వంశం వారే. గాడిద మీద వేయరు, భుజం మీద మోస్తారు. వెండి కళ్ళు, బంగారు కళ్ళు ఏవీ అతికించకూడదు. తెచ్చినవారు గడప మీద చూపించి, తిరిగి ఇంటికి తీసుకుపోవాలి.

తప్పిపోయినవారి కోసం, మాట పోయినవారి కోసం, పిల్లలను ఇంటి దగ్గర వదిలి వచ్చినవారి కోసం ఇక్కడ మొక్కుకుంటారు. రాజోలు దగ్గరి గంగారత్నం ఏడు నెలల పిల్లను తల్లికి అప్పగించి ఈ దీవికి వచ్చింది. పిల్ల తనను మరిచిపోతుందని ఆమె భయం. మూడేళ్ళపాటు ప్రతి ఆదివారం ఈ గడప మీద తన పేరుతో పాటు పిల్ల పేరు కూడా చెప్పింది. సెలవుకు వెళ్ళినప్పుడు పిల్ల వెంటనే రాలేదు. అమ్మమ్మ వెనక దాక్కొని రెండు రోజులు చూసింది. మూడో రోజు వచ్చి ఒళ్ళో కూర్చుంది. అమ్మవారు మూడు రోజుల్లో చేయించిన పనిని ఒక్క రోజులో ఎందుకు చేయలేదని గంగారత్నం అడగలేదు. మీరూ అలా అడగకండి.

ఇక ప్రొకోపిస్ సంగతి. పశ్చాత్తాపపడ్డాడు, రోజూ వచ్చి గేటు ఊడ్చాడు, ఒక్క రాయి కూడా బయటికి పోనివ్వలేదు. అయినా తప్పు తప్పుగానే ఉంది. అమ్మవారు ఆయన మీద పగ పట్టలేదు, తీసినదాన్ని తిరిగి ఇవ్వనూ లేదు. అంతూసా పక్క వీధిలో రాళ్ళు కొట్టేవాడిని పెళ్ళి చేసుకొని ఊళ్ళోనే ఉండిపోయింది. రోజూ మధ్యాహ్నం రొట్టె, ఆలివ్ కాయలు తెచ్చి, దూరం నుండే "నాన్నా, నేను అంతూసాను, నీ బిడ్డను" అనేది. ఆ గొంతు వినగానే ఆయన ముఖం విప్పారేది. ఇరవై ఏళ్ళు అలా గడిచాయి. ముఖం లేకపోయినా గొంతు ఉందని ఆయన సరిపెట్టుకున్నాడు.

ఆ తరువాత ఆయనకు చెవుడు వచ్చింది. మొదట మంద గంటలు వినిపించడం మానాయి. తరువాత గాలి, తరువాత మనుషులు. అంతూసా ఎదురుగా నిలబడి తన పేరు అరిచి చెప్పేది, చెయ్యి పట్టుకొని చెప్పేది. ఆయన ఆ పెదవులు కదలడం చూసి, పరాయి ఆడమనిషితో మాట్లాడే మర్యాదతో తల ఊపేవాడు. ఆమె రొట్టె తుంచి పెడితే తిని, మూతి తుడుచుకొని అనేవాడు.

"ఎవరి బిడ్డవో అమ్మా, నీ తండ్రి అదృష్టవంతుడు. నాకూ ఒక కూతురు ఉంది. రోజూ వచ్చేది. ఎందుకో రావడం మానేసింది. దారిలో ఎక్కడైనా కనిపిస్తే నేను ఇక్కడే ఉన్నానని చెప్పు."

చెబుతానని ఆమె తల ఊపేది. ఆరేళ్ళు అలా ఊపింది. చివరికి ప్రొకోపిస్ ఈ గేటు పక్కనే, కూతురి ఒడిలో తల పెట్టుకొని, కూతురు వస్తుందేమోనని దారి వైపు చూస్తూ పోయాడు.